సుబ్బరాయుడి జీపు, ఓబులమ్మ రాయి

నల్లగండ్ల పాత ఊళ్లో, మా పై వీధి మెకానిక్ సుబ్బరాయుడి గురించి రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి, ఉద్యమం రోజుల్లో అతను కావాలనే తన జీపును తెలంగాణ శిబిరం మీదికి వదిలాడని. రెండోది, చచ్చిపోయిన అతని పెళ్లాం ఓబులమ్మ ఇంకా ఆ జీపులోనే కూర్చుని ఉందని. మొదటిది శుద్ధ అబద్ధం. జీపు కదిలినప్పుడు సుబ్బరాయుడు మా అరుగు మీద కూర్చుని నేనిచ్చిన చాయ్ తాగుతున్నాడు. రెండోదాని సంగతి, నేను చూసింది చూసినట్టు చెబుతాను, మీరే తేల్చుకోండి. అతనుండే షెడ్డు నాది. "అంత జరిగినా వాణ్ణి ఎందుకు ఖాళీ చేయించలేదు పెద్దమ్మా" అని ఈ రోజుకీ నన్నే నిలదీస్తారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చదివింది నాలుగో తరగతే అయినా అడగడంలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు. పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలియకపోతే నాకు మా ఇంటి అన్నం సయించదు. అలాంటిది, ఎదురుగా ఉన్న షెడ్డులో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఎలా ఉంటాను?

సుబ్బరాయుడు కడప జిల్లా, రాయచోటి వైపు మనిషి. సాఫ్ట్‌వేరు వాళ్లను మోసే క్యాబులు హైటెక్ సిటీ చుట్టూ తిరిగి తిరిగి చివరికి అతని దగ్గరికే వచ్చి నిలిచేవి. నోట్లో స్పానరు పెట్టుకున్నాడా అన్నట్టు మాట్లాడేవాడు కాదు. ఆ లోటంతా ఓబులమ్మ తీర్చేది. సకల జనుల సమ్మెకు ముందటి ఎండాకాలంలో నన్ను పట్టుకుని, "మీకు రాష్ట్రమొస్తే మమ్మల్ని తరుముతారంట గదా పెద్దమ్మా, నిజమేనా?" అంది.

"నిన్నెందుకు తరుముతం? నీ నోటికి ఒక బ్రేకు ఏపిచ్చి ఉంచుకుంటం" అన్నాను.

"అయితే డిస్కు బ్రేకే ఏపీయండి. డ్రమ్ములు నాకు సరిపోవు" అని పడీ పడీ నవ్వింది.

ఆ డిస్కుల గోల వాళ్ల పాత జీపుది. ఓసారి తమ ఊరి వంక, అదే మన వాగు, దాటి అవతలి గట్టు ఎక్కుతుంటే జీపు ఆగి, వెనక్కి నీళ్లలోకి జారడం మొదలుపెట్టిందట. సుబ్బరాయుడు ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు. వెనక చక్రాల బ్రేకులు డ్రమ్ముల్లో మూసి ఉంటాయి. ఆ డ్రమ్ముల్లోకి నీళ్లు పోతే ఆరేదాకా అవి పట్టవు. ఓబులమ్మ కిందికి దూకి, గట్టు మీది రాయి ఒకటి ఎత్తి చక్రం కింద పెట్టింది. జీపు నిలిచింది. ఆ రాయిని ఆమె అక్కడ వదల్లేదు. జీపులో వేసుకుని హైదరాబాదు దాకా తెచ్చుకుంది. దసరాకు జీపుతో పాటు రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టేది.

ఆ భయంతోనే మొగుడి దగ్గర పట్టుబట్టింది, వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయమని. అతను చక్రాలు విప్పుతుంటే నేను పీట వేసుకుని కూర్చున్నాను.

"మంచిగున్నవాటిని పీకుతున్నవేంది సుబ్బరాయుడూ?"

జవాబు ఓబులమ్మ చెప్పింది. "మూసిపెట్టిన దాన్ని నేను నమ్మను పెద్దమ్మా. మూత తీస్తే గదా అన్నం ఉడికిందో లేదో తెలిసేది. ఈ డ్రమ్ము లోపల పట్టిందో లేదో జీపు వంకలో పడినాకనే తెలుస్తాది."

డిస్కు అంటే పళ్లెం లాంటి ఇనుప బిళ్ల. చక్రంతో పాటు అది బయటికే తిరుగుతుంది. క్యాలిపర్ అనే బిగింపు దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది. నీళ్లు పడ్డా డిస్కు విదిలించేసుకుంటుంది. సుబ్బరాయుడు పాత సామాను అంగట్లో ఏదో కారు ముందు చక్రాలవి దొరికితే తెచ్చాడు. అవి జీపు ఇరుసుకు అతకలేదు. లేతు పనివాడితో మధ్యలో ఒక ఇనుప పలక చేయించి బిగించాడు. బిగించాక చూస్తే, హ్యాండ్‌బ్రేకు తీగ పనిలేక కింద వేలాడుతోంది.

"గిదేంది మరి?"

"అది డ్రమ్ముల్లో బ్రేకును లాగేది పెద్దమ్మా. ఇప్పుడు డ్రమ్ములే లేవు. దానికి వేరే ఏర్పాటు చేయల్ల" అన్నాడు.

"అంతవరకు ఇది ఉండాది గదా" అంటూ ఓబులమ్మ తన రాయిని చేత్తో తట్టింది.

మా వీధి రోడ్డు దాకా పల్లంగా దిగుతుంది. షెడ్డు ముందు నిలిపిన జీపు ముఖం పల్లానికే ఉంది. గేరుబాక్సు కూడా విప్పి షెడ్డులో పెట్టి ఉంది కనుక గేరులో వేసి నిలిపే వీలూ లేదు. ఆ జీపును ఆపి ఉంచింది వెనక చక్రానికి ముందు పెట్టిన ఆ రాయి ఒక్కటే.

ఇక మిగిలింది గాలి తీయడం. కొత్తగా బ్రేకు ఆయిలు పోసినప్పుడు పైపుల్లో గాలి నిలుస్తుంది. అది ఉంటే పెడలు మెత్తగా దిగిపోతుంది గానీ బ్రేకు పట్టదు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, గాలి పోయాక మళ్లీ బిగించాలి. అది బిగిసేదాకా పైనున్నవాళ్లు కాలు తీయకూడదు.

గాలి తీసే రోజు ఉదయం ఓబులమ్మ సీట్లో, సుబ్బరాయుడు జీపు కింద. నేను అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ వింటున్నాను.

"తొక్కు."

"తొక్కినా."

"పట్టుకో."

"పట్టుకున్న్యా."

"ఇడువు."

"ఇడిసినా."

నాట్లు వేసేటప్పుడు పాట అందుకున్నట్టు అదే వరుస. వినీ వినీ నాకు నిద్ర కూడా వచ్చింది. తర్వాత ఓసారి "పట్టుకో" అన్నాడు. "పట్టుకున్న్యా" అంది. "ఇడువు" అన్నాడు. జవాబు రాలేదు. "ఇడువు అంటాండా గదా!" మళ్లీ లేదు. మొగుడి మీద అలిగిందేమోనని నవ్వుకుంటూ లేచి వెళ్లాను.

ఓబులమ్మ నిటారుగా కూర్చుని ఉంది. రెండు చేతులూ స్టీరింగు మీద. కళ్లు తెరిచే ఉన్నాయి, మా వీధి చివర రోడ్డును చూస్తున్నట్టు. జీపు కింద అతను ఇంకా విసుక్కుంటూనే ఉన్నాడు. "యాడ పెట్టినావే చెవులు? ఇడువు!"

నేను వంగి ఆమె పాదం పట్టుకుని తీయబోయాను. రాలేదు. పెడలు అడుగు దాకా దిగి ఉంది. సుబ్బరాయుడు బయటికి వచ్చి, చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలి వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పారు.

ఆ తర్వాత అతను ఆ జీపు పని ముట్టలేదు. "నేను తొక్కుత, ఆ గాలి తీసుడు కానియ్యరాదు" అని నేనే అడిగాను. "వద్దులే పెద్దమ్మా" అన్నాడు. పనిలేని పూట వెనక చక్రం పక్కన గొంతుకూర్చునేవాడు. పెళ్లాంతో "తొక్కు, పట్టుకో" అని మాట్లాడుతున్నాడని వీధిలో పుట్టించారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను. ఆ మాటలు కావు. ఒక్కటే మాట. "ఇడువు." అని, చక్రానికి చెవి ఆనించి కాసేపు వినేవాడు. మళ్లీ "ఇడువు."

సకల జనుల సమ్మె వచ్చింది. బందు రోజు మా వీధి కింద రోడ్డు మీద శిబిరం వేసి వంటావార్పు పెట్టారు. శిబిరం పెద్ద యాదగిరి, మా ఊరి క్యాబు డ్రైవరే. వంటకు బాలమ్మ ముందు నిలబడింది. పాలమూరు నుంచి వచ్చి అపార్టుమెంట్లలో పనిచేసుకునే మనిషి, యాభై మందికైనా జంకకుండా వండుతుంది. నేను ఇంటి నుంచి బియ్యం పంపి, సుబ్బరాయుణ్ణి మా అరుగు మీదికి పిలిచి చాయ్ ఇచ్చాను.

మిట్టమధ్యాహ్నం. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు ఎండకు మెరుస్తున్నాయి గానీ వాటిలోకి పోయేవాడు లేడు, వచ్చేవాడు లేడు. ఎప్పుడూ హారన్లతో మోగే రోడ్డు ఎంత సద్దుమణిగిందంటే, కింద బాలమ్మ గంటె గిన్నెకు తగిలితే ఆ చప్పుడు మా అరుగు మీదికి వినిపించింది.

అప్పుడు కంకర నలిగింది. తలెత్తి చూశాను. జీపు మా గేటు ముందు నుంచి పోతోంది. ఇంజను చప్పుడు లేదు. సీట్లో మనిషి లేడు. బోరింగు పంపు దగ్గర మా వీధి కొంచెం వంపు తిరుగుతుంది. జీపు కూడా ఆ వంపు తిరిగింది.

కింద ఆడవాళ్లందరి వీపులూ మా వైపే ఉన్నాయి. నేను అరుగు మీంచి లేచాను. సుబ్బరాయుడు పరుగెత్తలేదు. నిలబడి, ఓబులమ్మ పోయిన ఉదయం జీపు కింద నుంచి అన్నట్టే అరిచాడు.

"తొక్కు! పట్టుకో!"

జీపు ఆగింది. పల్లంలో, అడ్డం ఏమీ లేనిచోట, బాలమ్మ వీపుకు చేతి దూరంలో.

నేను దిగి వెళ్లేసరికి యాదగిరి సుబ్బరాయుడి కాలరు పట్టుకున్నాడు. "ఆడోళ్ల మీదికి బండి ఇడుస్తవారా? కడపకెల్లి గిందుకే వచ్చినవా?"

"జర ఆగు యాదగిరీ! వాడు నా అరుగు మీద చాయ్ తాగుతుండె."

"ఏం పెద్దమ్మా, నువ్వు గూడ ఆంధ్రోని దిక్కేనా?"

"నేను రాయి దిక్కు. చక్రం కింద ఉండే రాయి ఏదిరా?"

అందరం చూశాం. నా కళ్లే ముందు పట్టుకున్నాయి. బాలమ్మ పొయ్యికి మూడో రాయి. మసి పట్టిన చోట పాత బొట్టు ఇంకా కనిపిస్తోంది.

బాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాకేం ఎర్క పెద్దమ్మా! పొయ్యికి ఒక రాయి తక్కువ పడె. పైన బండి కింద ఉంటే ఊరికె పడున్నదనుకొని తెచ్చిన."

"ఊరికె పడున్నదా! ఇంక జరైతే నువ్వే ఊరికె పడుందువు" అన్నాను. ఎవరో నవ్వారు. యాదగిరి కాలరు వదిలాడు. వదిలి, నలిగిన చొక్కాను తనే సరిచేశాడు.

కాబట్టి మొదటి మాట అక్కడికి తీరింది. జీపును వదిలింది సుబ్బరాయుడు కాదు. నేను లోపల బియ్యం కొలుస్తుండగా బాలమ్మ రాయి తీసుకుపోయింది, కంకరలో దిగిన చక్రం కాసేపు నిలిచి తర్వాత జారింది. కానీ దాన్ని ఆపిందెవరు? యాదగిరి స్టీరింగు పట్టుకుందామని సీటు ఎక్కబోయి, లోపలికి చూసి, ఎక్కకుండానే వెనక్కి వచ్చాడు. నేనూ తొంగి చూశాను. కాలు లేదు. పెడలు మాత్రం అడుగు దాకా దిగి ఉంది. వెనక చక్రం దగ్గరికి వెళ్లాను. డిస్కు కదా, అంతా బయటికే కనిపిస్తోంది. క్యాలిపర్ రెండు వైపులా అదిమి పట్టింది. గాలి నిండిన పైపులతో అది అలా పట్టకూడదు. "తుప్పు పట్టి బిగుసుకున్నది, అంతే" అన్నాడు యాదగిరి. నా ముఖం చూడకుండా అన్నాడు. తాడు కట్టి పదిమంది లాగారు. ముందు చక్రాలు తిరిగాయి. వెనకవి తిరగలేదు. షెడ్డు దాకా ఈడ్చుకుంటూ వచ్చాయి. వానలు వచ్చి కడిగేదాకా మా వీధి పొడవునా రెండు నల్ల చారలు ఉండిపోయాయి.

ఆ రాత్రి నుంచి పిల్లల్ని ఆ వైపు పోనివ్వడం మానేశారు. బాలమ్మే నలుగురిని వెంటేసుకుని వచ్చింది.

"ఆంధ్రోడైతే ఏమో ఊకుంటుంటిమి పెద్దమ్మా. దయ్యంతోటి మాతోని కాదు. అమాస లోపట ఖాళీ చేపియ్యి."

"నిన్ను గుద్దకుండ ఆపింది గదనే, గా దయ్యం?"

"ఆపిందని ఇంట్ల పెట్టుకుంటమా?"

చూద్దామని చెప్పి వాళ్లను పంపించాను. షెడ్డు పోతే సుబ్బరాయుడు ఇంకో చోట స్పానరు పట్టుకోగలడు. జీపును మాత్రం తీసుకుపోలేడు. కదలని బండిని పాత ఇనుము కింద తూకానికి వేయడం తప్ప దారి లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా వచ్చి బతిమాలలేదు. ఒకటి గమనించాను. చక్రం పక్కన కూర్చోవడం మానలేదు గానీ, "ఇడువు" అనడం మానేశాడు. ఊరికే కూర్చుంటున్నాడు, పక్కన మనిషి ఉంటే కూర్చున్నట్టు.

అమావాస్య ముందురోజు పొద్దున నేను పీట పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్లాను. అతను చెప్పే జవాబును బట్టి ఉంచడమో పంపడమో అక్కడే తేల్చాలని. రాయి మళ్లీ చక్రం ముందు ఉంది, కడిగి, పసుపు రాసి.

"సుబ్బరాయుడూ, ఈ వీధిల అందరినీ అన్నీ అడిగిన, నిన్ను ఒక్కటే అడగలే. ఇయ్యాల అడుగుతున్న. అండ్ల ఓబులమ్మ ఉన్నదా? ఉంటే, రోజూ ఇడువు ఇడువు అనేటోనివి, ఎందుకు బంద్ చేసినవ్?"

అతను చేతిలోని గుడ్డను మడత పెట్టాడు. డిస్కు అంచు మీద పడిన దుమ్మును దాంతో తుడిచాడు. తర్వాత చెప్పాడు.

"ఇన్నాళ్లు ఇడువు అంటే ఇడిసినా అని పలక్కపోతే, పాపం ఆమెకు ఇనపడ్డంలేదేమో అనుకున్న్యా పెద్దమ్మా. ఆ దినం పట్టుకో అంటే పట్టుకున్నాది. ఇనపడతానే ఉండాది. ఇడవాలని లేదు, అంతే."