కాలిన కొంగుకు మార్తమ్మ జవాబు

2023, చలికాలం మొదట్లో. కడపలో నా ఒంటి గది ఆఫీసు. ఇతరుల వ్యాపారాలకు బ్లాగులు రాసిపెట్టడం నా పని. టైల్స్ అంగడి, పళ్ల ఆస్పత్రి, కోచింగ్ సెంటరు, ఎవరడిగినా రాసేదాన్ని. పళ్ల గురించి నేను రాసినంత ఆ డాక్టరు కూడా చదివి ఉండడు!

ఒకరోజు నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి రూతమ్మ ఫోన్ చేసింది. ఆమె, ఆమె అత్త మార్తమ్మ పాత చీరలతో బొంతలు కుడతారు. అంగళ్లలో దుప్పట్లు చవకైపోయాక అడిగేవాళ్లు తగ్గిపోయారు.

"డిసెంబరు ఆఖరుకు మిరప కోతలకు కూలోళ్లను తీసకపోను మేస్త్రీ బండి వస్తాది అక్కా. ఈడ పని లేకుంటే మేము గుంటూరు పక్కకు పోవాల్సిందే. పోతే మా పాప ఆరో తరగతి ఆడికి సరి" అంది.

ఆ మాటతో ఒప్పుకున్నాను. ఫోన్‌లోనే నాలుగు వివరాలు అడిగి, మూడు పోస్టులు రాశాను. 'చేతికుట్టు బొంతల పది ప్రయోజనాలు' వాటిలో మొదటిది. కీవర్డులు, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటలు, పప్పులో తాలింపులా చల్లాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తీరా చూస్తే బౌన్స్ రేట్ ఆకాశంలో ఉంది. పేజీ తెరిచినవాళ్లు తెరిచినట్టే వెళ్లిపోతున్నారని దాని అర్థం. చివరిదాకా చదివింది బహుశా నా చెల్లెలొక్కతే, అదీ నా పోరు పడలేక.

ఫోన్‌లో చెప్పడానికి మొహం చెల్లక బస్సెక్కి వెళ్లాను.

మార్తమ్మ వసారాలో చాప మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. "ఏం పాపా, అంత దూరం నుంచి వచ్చినావు, మొగం అట్ల పెట్టుకున్నావేమి? ముందు మజ్జిగ తాగు" అంది. తాగి, నా మొదటి పోస్టు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, పకపకా నవ్వింది.

"శానా బాగ రాసినావు. ఇది ఎవురి బొంత పాపా? మాది మాత్రం కాదు."

నాకు ఉక్రోషం వచ్చింది. ఏదో అనబోయేంతలో ఒకామె సంచి నిండా చీరలతో వచ్చింది. పోయిన ఏడాది చనిపోయిన తన తల్లి చీరలట. మార్తమ్మ కొలతలు అడగలేదు, రంగులూ అడగలేదు.

"మీయమ్మ ఏ చీర ఎక్కువ కట్టేది? తల యా పక్క పెట్టి పండుకుంటావు నువ్వు?" అంది.

"తల పక్కతో పనేముంది పెద్దమ్మా?"

"కొంగు నేను కొయ్యనమ్మా. తల పక్కకు, పైకి వచ్చేట్ల కుడతా. కప్పుకుంటే అమ్మ కొంగు మొగానికి తగలల్ల గదా."

ఆమె చీరల సంచి ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి. ఇంత మనిషిని ఇక్కడ పెట్టుకుని, ఫోన్‌లో వివరాలు అడిగి పది ప్రయోజనాలు రాశానే, నన్నేమనాలి!

చీరలు తెచ్చినామె అనుమతి అడిగి, ఆమె పేరు లేకుండా, ఆ సంగతి ఉన్నదున్నట్టు బస్సులోనే రాశాను. 'తల యా పక్క పెట్టి పండుకుంటావు?' అనే మాటతోనే మొదలుపెట్టాను. జనం చదివారు, పక్కవాళ్లకు పంపారు. మూడో రోజు రాజంపేట నుంచి ఒకామె కామెంట్ పెట్టింది: 'మా అమ్మ చీర కొంగు కాలిపోయి ఉంది. పనికొస్తుందా?'

అలవాటు కొద్దీ 'మీ ఆసక్తికి ధన్యవాదాలు, వివరాలకు సంప్రదించండి' అని సగం టైప్ చేశాను. ఎందుకో చెయ్యి ఆగింది. మార్తమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"కాలిన కాడ కొయ్యొద్దని చెప్పు. దాన్ని మడిచి కుడతా. పొయ్యి కాడ ఆ బిడ్డకు వండి పెడతాంటేనే గదా కాలింటాది!"

అక్షరం మార్చకుండా అదే పెట్టాను. ఆ జవాబు కింద వరసగా కామెంట్లు. ఒకరు చినిగిన చీర గురించి, ఇంకొకరు నాన్న పంచె గురించి అడిగారు. మార్తమ్మ వాటిని ఉత్తరాలు అనేది. ఫోన్‌లో ఒక్కొక్కటి నాతో చదివించుకుని, జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. అడిగినవాళ్లలో చాలామంది చీరలు పంపారు.

డిసెంబరు చివర్లో రూతమ్మ ఫోన్ చేసింది. "మేస్త్రీ బండి వచ్చింది అక్కా. మేము రాలేమని చెప్పినా. ఇంట్లో కాలు పెట్టను జాగా లేకుండా చీరలుండాయి."

"పాప యాడుంది?" అన్నాను. వాళ్ల యాస నాకు ఎప్పుడు అంటుకుందో!

"యాడుంటాది? బడికి పోయినాది" అంది రూతమ్మ. ఆ గొంతులో సంబరం ఇంకా నా చెవిలో ఉంది.

ఇప్పుడు ఏ పనైనా ఒప్పుకునే ముందు వెళ్లి, పని ఇచ్చేవాళ్ల అంగట్లోనో వసారాలోనో కూర్చుంటాను. వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో, వీళ్లేం చెబుతున్నారో వింటాను. హెడ్డింగులు, కీవర్డులు ఆ తర్వాతే. పోస్టు పెట్టాక పని అయిపోయిందనీ అనుకోను. మార్తమ్మ ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. బాగున్నావా అని కూడా అడగదు మహాతల్లి. మొదటి మాటే ఇది:

"ఉత్తరాలు రాసినోళ్లకు జవాబు ఇచ్చినావా పాపా? పాపం, చూస్తాంటారు."