కొండ దిగి వచ్చి ఒక్కటి చెప్పాలి

మాస్టారు పోయారని ఆయన కూతురు గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర ఏరుతున్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారే. పొద్దున కాఫీ తీసుకెళ్తే తెలిసింది," అంది. నాన్నకి ఒంట్లో బాగుండటం లేదని రెండు వారాల ముందే సెలవు పెట్టి వెళ్ళింది. నేనేమన్నానో గుర్తులేదు. ఇంటికొచ్చి సంచి తెరిస్తే నాలుగు కట్టల కొత్తిమీర ఉంది. ఆ వారమంతా మా ఇంట్లో కొత్తిమీర పచ్చడే.

ఆయన నాకు చుట్టం కాదు, నాకు పాఠం చెప్పినవారూ కాదు. మా వీధి చివరింట్లో ఉండే స్నేహితురాలి తండ్రి. కొండవీడు కోట దగ్గర ఒక పల్లెలో హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఏటా ఆరు నెలలు కూతురి దగ్గర ఉండేవారు. తలకి మంకీ క్యాప్, ఒంటి మీద అల్లుడి ఆఫీసువాళ్ళు పంచిన జాకెట్, దాని జేబులో సుద్దముక్కలు. చిన్నప్పుడెప్పుడో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయిందట. కర్ర ఊతంతో నింపాదిగా నడిచేవారు.

మా ఇళ్ళ వెనక పార్కులో చిన్న గుట్ట ఉంది, దాని మీదికి ఒక కాలిబాట. గుట్ట కింద బెంచీ. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన ఆ బెంచీ మీద ఉంటే వీధిలో తెలుగు పిల్లలు ఐదారుగురు చుట్టూ చేరేవారు. మా అమ్మాయిని నేను పంపింది తెలుగు వస్తుందని కాదు. నిజం చెప్పొద్దూ, గంటసేపు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని.

అక్కడ జరిగేది చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చింది. పిల్లల వాటర్ బాటిళ్ళన్నీ తన పక్కన పెట్టించుకుని, "పైకెళ్ళి రండి. దిగి వచ్చాక ఒక్కొక్కళ్ళు ఒక్కటి చెప్పాలి. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు చెప్పకూడదు," అని పంపేవారు. వాళ్ళు ఎగిరి దూకి వచ్చి చెప్పేవారు.

"తాతగారూ, ఒక డాగ్ స్వెటర్ వేసుకుంది!"

"ఏం రంగు?"

"అది... నేను నోటీస్ చేయలేదు."

"మళ్ళీ వెళ్ళు."

వాడు మళ్ళీ గుట్ట ఎక్కేవాడు. అందరూ చెప్పడం అయ్యాక ఆయన వంతు. కొండవీడు గురించి ఒక్కటి చెప్పేవారు, ఒక్కటంటే ఒక్కటే. రెడ్డి రాజుల కాలంలో వసంతోత్సవానికి వీధుల్లో కర్పూరం చల్లేవారని ఒక వారం. కొండల అంచుల వెంట గోడ ఎలా పాకుతుందో ఇంకో వారం. సుద్దముక్కతో నేల మీద గీసేవారు. వాన వచ్చి చెరిపేస్తే మళ్ళీ వారం మొదటి నుంచీ గీసేవారు. ప్రతిసారీ కోట కాస్త పెద్దదయ్యేది.

మా అమ్మాయి ఒకసారి అడిగింది, "అందరూ ఆ కోట కోసమే ఎందుకు ఫైట్ చేశారు?" రెడ్డి రాజుల తర్వాత గజపతులు, విజయనగరంవాళ్ళు, గోల్కొండ నవాబులు, ఆఖరికి ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అని ఆయన అప్పటికే వరస చెప్పి ఉన్నారు. ఆయన కొండ మీద మూడు గుండ్రాలు గీశారు. "ఇవి చెరువులు. కొండ మీద మూడు చెరువులు! కోటంటే గోడలు కాదర్రా, నీళ్ళు. నీళ్ళున్నంత కాలం లోపలివాడు తలుపు తియ్యక్కర్లేదు." ఆ రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి మా ఫ్రిజ్‌లో ఎన్ని నీళ్ళ సీసాలున్నాయో చూసి, మనం వారం కూడా ఆగలేమని తేల్చేసింది.

ఒక చెరువు పక్కన ఆయన తామరపువ్వూ వేశారు, గేదెనూ వేశారు. "ఇంతకీ అందులో ఉన్నది ఏది మాస్టారూ?" అన్నాను.

"ఒక పిల్ల తామరలన్నది. మూడేళ్ళ తర్వాత ఇంకో పిల్లాడు గేదెలన్నాడు. ఇద్దరూ చూసిందే చెప్పారమ్మా."

"మీరేం చూశారు?"

"నేనెక్కడ ఎక్కాను? ఈ కాలుతోనా?"

అప్పుడు తెలిసింది. ఏటా చలికాలం తొమ్మిదో తరగతి పిల్లల్ని కొండవీడు ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళేవారు. మిగతా మాస్టార్లు పిల్లలతో పైకి వెళ్ళేవారు. ఈయన కొండ కింద గుడి దగ్గర అరుగు మీద అన్నం క్యారియర్లకి కాపలా. పిల్లలు దిగి వచ్చి, తలా ఒకటి చెబితేనే క్యారియర్ మూత తీసేవారు. ఆ ముప్పై ఏళ్ళ కబుర్లతో కట్టుకున్న కోట అది. బురుజులు, ధాన్యం దాచిన కొట్లు, గోడ పగుళ్ళలో మొలిచిన సీతాఫలం చెట్లు, అన్నీ ఎవరో ఒక పిల్లో పిల్లాడో మోసుకొచ్చినవే.

నేను ఊరుకోవచ్చుగా. వెంటనే ఫోన్ తీసి కోట ఫోటోలు వెతికి ఆయన ముందు పెట్టాను. ఆయన స్క్రీన్ మీద అరచెయ్యి మూసేశారు. "వద్దు తల్లీ." గొంతు మెత్తగానే ఉంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. నాకు సిగ్గేసింది.

ఆయన కూతురు ఎప్పటి నుంచో పోరుతూనే ఉంది. "ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు నాన్నా. కార్ పైదాకా వెళ్తుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు చూసి రా." ఆయన ఎండలంటారు, వానలంటారు, డ్రైవర్ దొరకడంటారు. ఒక శనివారం నేను అడిగేశాను, "భయమా మాస్టారూ?" నాకు నోటి దురుసు ఉందని మా ఆయన అంటాడు, నిజమే.

ఆయన కర్ర కొసతో నేల మీద సుద్దగీతల్ని తడిమారు. "అవునమ్మా. పైకెళ్ళాక నాలుగు రాళ్ళే కనిపించాయనుకో. మా పిల్లలు చెప్పిందంతా ఏమైపోతుంది?"

మా అమ్మాయి అందుకుంది. "తాతగారూ, మేము ఎవ్రీ వీక్ ఎక్కి చెప్తున్నాం. మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు. నాట్ ఫెయిర్. రూల్ అంటే రూల్."

ఆయన పెద్దగా నవ్వేశారు. కానీ ఆ మాట పట్టింది. ఇండియా వెళ్ళిన నెలకి కోటకి వెళ్ళారు.

ఆ శనివారం మాకు పొద్దున తొమ్మిది, ఆయనకి రాత్రి భోజనాల వేళ. వీడియో కాల్ చేసి, బెంచీ మీద నీళ్ళ సీసాకి ఫోన్ ఆనించి పెట్టాం. పిల్లలంతా దాని ముందు నేల మీద కూర్చున్నారు. కోట ఎలా ఉందోనని నేను ముందుకి వంగి చూశాను. ఆయన మొహం ఉతికిన బట్టలా తేటగా ఉంది.

"చెప్పండి తాతగారూ. ఒక్కటే!"

"ఒక్కటే చెబుతా. నేను కూర్చునే అరుగు కనిపించిందర్రా! పైనుంచి, గుడి పక్కన, ఇంత చిన్నగా. దాని మీద ఎవరో కూర్చుని ఉన్నారు కూడా. పసుపు రంగు చొక్కా. అన్నేళ్ళూ ఎండలో పైకి చూస్తూ, వీళ్ళకి నేనొకణ్ణి కింద ఉన్నానన్న ధ్యాసే ఉండదులే అనుకునేవాణ్ణి. వాళ్ళకి నేను కనిపిస్తూనే ఉన్నానన్నమాట. ఒక్క వెధవా చెప్పలేదే!"

మా అమ్మాయి ఫోన్ దగ్గరికి జరిగింది. "మేము కూడా మిమ్మల్ని చూస్తాం తాతగారూ, పైనుంచి. ఎవ్రీ టైమ్. అది మీకు ఆల్రెడీ తెలుసు కదా, అందుకే చెప్పలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, ఎప్పటిలాగే, "ఇంకా?" అన్నారు. నేను ఫోన్ వెనక నిలబడి ఏడ్చాను, సంతోషంగానే. ఆయనకి చెరువుల్లో తామరలు కనిపించాయా, గేదెలు కనిపించాయా అని నేను ఆ తర్వాత కూడా అడగలేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ బెంటన్‌విల్ రాలేదు. మూడు నెలలకి ఈ కబురు.

మొన్న శనివారం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పార్కుకి బయల్దేరారు. వెంట నేనూ వెళ్ళాను. ఎవరూ ఏడవలేదు. బెంచీ చుట్టూ కాసేపు తచ్చాడారు. తర్వాత మా అమ్మాయి నీళ్ళ సీసాలన్నీ తెచ్చి నా పక్కన పెట్టింది. "నువ్వు పైకి రావద్దు. ఇక్కడే కూర్చో," అని ఆర్డరేసి పరుగెత్తింది.

కూర్చున్నాను. పావుగంటకి దిగి వచ్చి వరసగా నిలబడ్డారు. ఒకడు తలకిందులుగా పెట్టిన సైకిల్ చూశాడు. ఒకమ్మాయి ఒంటి గ్లవ్, నీలం రంగు. రంగు అడక్కుండానే చెప్పింది. ఆఖరికి మా అమ్మాయి.

"అమ్మా, నేను నిన్ను చూశా. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు."

మాస్టారు ఉంటే ఎంత నవ్వేవారో. "మళ్ళీ వెళ్ళండి," అన్నాను. వాళ్ళు కేకలు వేసుకుంటూ చెట్ల మధ్యకి వెళ్ళిపోయారు. నేను ఫోన్ బ్యాగ్‌లో పడేసి, జిప్ లాగేసి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గుట్ట మీద ఎర్ర జాకెట్ ఒకటి ఆగి ఇటు తిరిగింది. నేను చెయ్యి ఊపాను.