తొందరగా తీసిన ఫర్నేసు

అందరూ బాగున్నారా? టెల్కో కాలనీ అక్కలకి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పిల్లలకి దగ్గు తగ్గిందా? బారిడీహ్ పెద్దాయనకి బీపీ దిగిందా? అడక్కపోతే నాకు తోచదు. బుధవారం మా మరిది చనిపోయాడు. ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. చదువు తక్కువ, తప్పులుంటే దిద్దుకోండి.

మా ఆయనా, మరిదీ ఒకే వర్క్‌షాపులో అల్యూమినియం ముక్కల్ని ఫర్నేసు వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరిచే పని చేశారు. మా ఇంటికొస్తే మరిది గిన్నె అంచు మీద పగులుందేమోనని బొటనవేలు తిప్పి చూసుకున్నాకే అన్నం పెట్టించుకునేవాడు.

"వొదినా, అల్యూమినియం బాగా గట్టిపడింది కదా అని అప్పుడే తీసేత్తే మోసం సేత్తాది. పైకి నిగనిగలాడతాది. చెమ్మ తగిలి, బరువు పడితే లోపల్నుంచి పగుల్తాది. ఇంకొన్ని గంటలు వేడిలో ఉంచితే బలం కొంచెం తగ్గుతాది గానీ, ఏళ్ళు నిలబడతాది" అనేవాడు. నాకు అర్థమయ్యేదాకా చెప్పేవాడు. అంత ఓపిక మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.

ఒకసారి పంపిన ముక్కలు పగిలి వెనక్కొచ్చాయి. ముందుగా తీసేశారని తేలింది. రిజిస్టర్లో సంతకం మా ఆయనది. ఫర్నేసు పని మాన్పించి, రిటైరయ్యేదాకా గేటు దగ్గర నిలబెట్టారు. నేను ఊరుకున్నానా? అన్నం పెట్టినా, టీ ఇచ్చినా "ఏటి తొందర నీకు, ఇంకాసేపు ఆగలేకపోయావా" అని సాధించాను. ఆయన పోయేదాకా సాధించాను. మరిది పక్కనే కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకునేవాడు.

మరిది తను పోయే ముందు రోజు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"వొదినా, ఆ రోజు ఫర్నేసు తలుపు ముందే తీసింది నేనే. షిఫ్టు బస్సు పోతాదని. అన్నయ్య నన్ను నమ్మి సంతకం పెట్టాడు."

"మీ అన్నయ్యకి తెలుసా?"

"తర్వాత చెప్పాను. నీకు చెప్పొద్దన్నాడు. మనిద్దరికీ మాటలు పోతాయని."

"ఆయన పోయి నాలుగేళ్ళయింది కదా నాయనా. అప్పుడైనా చెప్పకూడదా?"

"అప్పుడు నువ్వు నాకు అన్నం పెట్టవేమోనని."

మా ఆయన పోయాక నెలనెలా నా మాత్రలు తెచ్చింది ఈ మరిదే. వాన పడితే ఇల్లు కారుతోందా అని ముందు నాకే ఫోన్ చేసేవాడు. అదీ నిజమే, ఇదీ నిజమే. ఇద్దరూ కలిసి నన్ను బయట కూర్చోబెట్టారు. తిట్టడానికి మరిది లేడు, తప్పయిందని చెప్పుకోడానికి మా ఆయనా లేడు.

నా పిల్లలు ఇప్పటికీ తప్పు నాన్నదే అనుకుంటున్నారు. మా ఆయన్ని గేటు దగ్గరికి పంపిన అప్పటి ఫోర్‌మన్ గారు బిర్సానగర్‌లో ఉన్నారు, ఆయనా అంతే. ఆయన దగ్గరికెళ్ళి నిజం చెబుదామని మరిది భార్యతో, అదే నా తోడికోడలితో అంటే, "పోయినోడి మీద ఏటక్కా ఇప్పుడు" అని ఏడ్చింది.

"మా ఆయనా పోయినోడే కదే" అన్నాను.

చాలాసేపు ముక్కు చీదుకుంది. "పెద్దకర్మ అవనీ. నేనూ వత్తాను. నేనే చెప్తాను" అంది.

ఫోర్‌మన్ గారికి చెవుడట. గుర్తుందో లేదో కూడా తెలీదు. మా పెద్దాణ్ణి కూడా రమ్మన్నాను, వాళ్ళ నాన్న సంగతి వాడూ వినాలి. పెద్దకర్మ శనివారం. మర్నాడు ఆదివారం, పొద్దున్న పదింటికి, ముగ్గురం ఆయన ఇంటికి వెళ్తున్నాం.