కూడలిలో పోసిన పిప్పి

మా నాన్న గెంగ్ బావోత్యెన్ చైనాలో అన్‌గ్వో అనే మా ఊళ్లో, ఒక మూలికల దుకాణంలో నలభై రెండేళ్లు పొట్లాలు కట్టాడు. వెనక గోడకు మూడువందల సొరుగులు, ఒక్కదాని మీదా పేరుండేది కాదు. చీటీ చూస్తూనే చెయ్యి సరైన సొరుగులోకి వెళ్లేది. అలాంటి మనిషి కిందటి చలికాలం దారి తప్పి, మా వీధిలోనే ఏడుస్తూ నిలబడ్డాడు.

వైద్యుడు నాడి చూసి మతిమరుపుకు మందు రాశాడు. నాన్నతో మాత్రం "మోకాళ్ల నొప్పులకి" అని అబద్ధమాడాను. నిజం తెలిస్తే కుప్పకూలిపోతాడని నా భయం. రుచీ వాసనా ఆయనకు ఎప్పుడో పోయాయి గనుక, ఇచ్చింది ఇచ్చినట్టు తాగేవాడు.

కషాయం వడకట్టాక పిప్పిని కూడలిలో పారబోయడం మా ఆనవాయితీ. పదిమంది తొక్కితే రోగం వాళ్ల కాళ్లకంటుకుని పోతుందట. పోతుందో లేదో గానీ, రోజూ పోసేదాన్ని. ఆ పిప్పిని చదవగల మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నా మట్టిబుర్రకు తట్టలేదు.

నెల తిరిగాక ఓ ఉదయం సంతకు తీసుకెళ్తుంటే, నాన్న కూడలిలో ఆగి గొంతుక్కూర్చున్నాడు. పిప్పి కెలికాడు.

"వసకొమ్ము... ఇదిగో, యువాన్‌ఝి వేరు. నడిమి ఈనె తియ్యనేలేదు! ఎవడే ఈ పొట్లం కట్టిన దద్దమ్మ? తాగినోడికి కడుపులో తిప్పెయ్యదూ!"

వేళ్లకు తడబాటే లేదు. నేను ఆయన భుజం పట్టి లేపబోయాను.

"పద నాన్నా, పొద్దెక్కిపోతోంది."

"ఉండవే. ఇది మతి పోతున్నోళ్లకిచ్చే మందు. పాపం, ఎవరింటిదో. ఆ మనిషికి చెప్పుంటారంటావా?"

"చెప్పి ఏం లాభం?"

నాన్న కోపంగా చూశాడు. "లాభమా? దుకాణానికొచ్చి గుసగుసగా అడిగి పొట్లాలు పట్టుకెళ్లేవాళ్లని ఎంతమందిని చూశాను! సొంత మనుషులే దొంగల్లా తిరుగుతుంటే, ఆ జబ్బు మనిషి తనకి పిచ్చెక్కిందని ఒక్కడే హడలి చస్తుంటాడే!"

"నీకెలా తెలుసు?"

నాన్న చేతిలోని వేరుముక్కను కింద పడేశాడు. "భయంగా ఉంటుందే," అన్నాడు మెల్లగా. "అడుగుదామంటే ఎవరూ పలకరు."

ఇక నావల్ల కాలేదు. పక్కనే కూలబడి, "నాన్నా, అది మనింటిదే. నీకే," అన్నాను.

ఏడ్చాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "సంత వద్దు, ఇంటికి పద. గుర్తున్నప్పుడే నీతో చెప్పాల్సినవున్నాయి," అన్నాడు. మధ్యాహ్నం దాకా చెప్పాడు. ఎన్నేళ్లకో తండ్రితో మాట్లాడినట్టనిపించింది.

మర్నాడు కషాయం అందిస్తుంటే, "ఇది దేనికే?" అన్నాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడ్చాడు.

రోజూ అడుగుతున్నాడు. అబద్ధమాడిన నెలరోజుల్లో నాకింత ఏడుపు లేదు. అయినా రోజూ చెబుతున్నాను.