తొమ్మిదో గూటం

ఆ రోజుల్లో ఓవర్‌సీరంటే చిన్న దేవుడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదని తర్వాత తెలిసింది.) పల్లెలకు కరెంటు అప్పుడప్పుడే వస్తున్న కాలం. సంగం దగ్గర వరిపొలాల మధ్య పుట్టి, పెన్న నీళ్లు తాగి పెరిగిన నన్ను, ఉద్యోగంలో చేరీ చేరగానే కృష్ణపట్నం దాపున ఉప్పుకొటార్లకు లైను వేయడానికి పంపారు. ఇసుకలో ఎర్రా తెలుపూ కర్రలు పాతి, ఒక కన్ను మూసి చూసి, స్తంభం రావలసిన ప్రతిచోటా గూటం కొట్టించడం నా పని. లైను దారం పట్టినట్టు తిన్నగా పోవాలి, అంతే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

దారిలో చేపలు పట్టేవాళ్ల పల్లె ఒకటి ఉండేది. అక్కడి అవ్వ ఒకామె రోజూ మధ్యాహ్నం నాకు ముంతతో మంచినీళ్లు తెచ్చిచ్చేది. ఉప్పుగాలికి నాలుక పిడచకట్టుకుపోయే ఆ ఎండలో అవి తాగి, "మా పెన్న నీళ్లకు తీసిపోవవ్వా" అనేవాణ్ణి, ఏదో బిరుదిచ్చినట్టు. తొమ్మిదో గూటం కొట్టించిన రోజున ఆమె, "ఈడొద్దు నాయనా, రవంత పక్కకు జరుపు" అంది. సర్కారు గీసిన గీత ఎవరో చెబితే జరగదని గంభీరంగా సెలవిచ్చాను. (గీసింది నేనే.) ఎందుకని అడగాలన్న ఇంగితం మాత్రం లేకపోయింది.

మర్నాడు చూస్తే గూటం ఇరవై అడుగులు పక్కన ఉంది. మళ్లీ పాతచోటే కొట్టించాను. మళ్లీ జరిగింది. మూడోసారి ఒళ్లు మండి, పోలీసులను పిలిపిస్తానని పల్లెంతా వినేలా కేకలేశాను. ఆ మధ్యాహ్నం కూడా అవ్వ ముంత తెచ్చింది. గుక్కెడు నోట్లో పోసుకున్నానో లేదో ఉమ్మేశాను. ఒట్టి ఉప్పు.

"ఏందవ్వా ఇది?"

"గూటం నిలబడినాక మేం తాగబోయే నీళ్లు నాయనా" అంది, కోపం లేకుండానే. "నువ్వు ఇన్నాళ్లూ తాగినవి ఆ గూటం కాడ చెలమలోవి. తెల్లారకముందే ఇసక తీసి తోడుకుంటాం, ఎండెక్కేసరికి గాలికి పూడిపోతాది. పైన మూరెడే తీపి, కింద అంతా ఉప్పే. నువ్వు స్తంభానికని ఆడ నిలువులోతు గుంత తీస్తే రెండూ కలిసిపోతాయి. ఇంకో చెలమ లేదు మాకు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ సాయంత్రం గూటాన్ని నేనే జరిపించాను. లైను వంకర తిరిగింది. వంపులో స్తంభం ఒరగకుండా లాగిపట్టడానికి తీగలు అదనంగా కావలసివచ్చాయి. తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారు, చదునైన ఇసుకలో ఈ వంకరేమిటని నిలదీశారు. అవ్వే రెండు ముంతలు తెచ్చి ఆయన ముందు పెట్టి సంగతి చెప్పింది. ఆయన రెండూ రుచి చూసి, తీపి ముంత ఖాళీ చేసి, కాగితం మీద సంతకం పెట్టారు. ఈ మాట మొదటిరోజే అడిగుంటే సరిపోయేది కదయ్యా అని మాత్రం అన్నారు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్లాను. అవ్వ లేదు. వంకర ఉంది. స్తంభం దిగివచ్చిన లైన్‌మన్ చెమట తుడుచుకుంటూ, "ఈ లైను గీసినోడెవడో గానీ సార్, చూపు ఆననోడు" అన్నాడు.

"నిజమేనయ్యా, వాణ్ణి నేనెరుగుదును. మొదట్లో అసలు ఆనేది కాదు. ఒక అవ్వ ముంతెడు ఉప్పునీళ్లతో నయం చేసింది" అని, దాహమేస్తుంటే ఇసుక తీసి తోడుకుందామని చెలమ వైపు నడిచాను.