రాసింది రాసినట్టు చదవమన్న మేడమ్

మా తెలుగు మేడమ్ ఇక లేరని పోయిన శుక్రవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ నిద్దర్లోనే పోయిందక్కా" అని చెప్పి పెట్టేసింది. నేను అనంతపురం నుంచి దొరికిన బస్సుకు మా ఊరు గుమ్మఘట్ట బయల్దేరాను.

మా ఊరి హైస్కూల్లో ఆమె చాలా ఏళ్లు తెలుగు చెప్పారు. పద్యం చెప్పేముందు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. పుస్తకం చూడబోనని మాకు తెలియడానికి. మేం తప్పు చదివితే కోప్పడేవారు కాదు. "ఇంగోసారి, నోటి నిండా" అనేవారు.

మాది సరిహద్దు ఊరు. ఇంట్లో అమ్మది కన్నడం, నాయనది తెలుగు. నా నోట్లో రెండూ కలిసిపోయేవి. క్లాసులో పిల్లలు నవ్వితే, "రెండు బాసలొచ్చిన పిల్లను చూసి నవ్వుతారేమప్పా?" అన్నారు మేడమ్.

పెద్దయ్యాక కథలు రాశాను. శెనక్కాయ చేలో కూలికి పోయే ఆడవాళ్ల మాటలను వాళ్లు మాట్లాడినట్టే రాశాను. పుస్తకం కూడా వచ్చింది. అయినా ఎవరైనా రచయిత్రి అని పిలిస్తే, ఇంకెవరినో అంటున్నారేమోనని వెనక్కి తిరిగి చూసేదాన్ని. అనంతపురంలో ఒక సభకు కథ చదవమని పిలిచినప్పుడు భయపడి మేడమ్‌కు ఫోన్ చేశాను.

"నేను పోను మేడమ్. ఆడంతా పెద్దోళ్లుంటారు. నాకేం రాదని తెలిసిపోతాది."

"ఆ కథ ఎవురు రాసినారే?"

"నేనే."

"మళ్ల ఏం తెలిసిపోతాది?"

సభకు ఆమె బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మైకు ముందు నిలబడగానే, నా వాక్యాలను నేనే దిద్దుకుంటూ చదవడం మొదలుపెట్టాను. "యాడికి పోతాండావక్కా" అని రాసుకున్నది "ఎక్కడికి వెళ్తున్నావక్కా" అయింది. శెనక్కాయలు వేరుశెనగలయ్యాయి. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. మేడమ్ లేచి నిలబడ్డారు.

"ఏమే, అది నీ కథ కాదు. నువ్వు రాసిండేది చదువు."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె మాత్రం కూర్చోలేదు. మళ్లీ మొదటికి వెళ్లి, రాసింది రాసినట్టు చదివాను. కాసేపటికి ఎవరో పకపకా నవ్వారు. కథలో కొంగులో కాయలు దాచుకున్న ముసలామె దొరికిపోయే చోట ఒక్కరూ కదల్లేదు. అప్పుడు కూర్చున్నారు మేడమ్.

తర్వాత బస్టాండులో టీ తాగుతూ తన సంగతి చెప్పారు. స్కూల్లో చేరిన కొత్తలో ఒకాయన హెడ్మాస్టరు దగ్గరికి వచ్చి, "సాయిబులామె మా పిల్లోళ్లకు తెలుగు చెప్తాదా?" అని అడిగాడట. మేడమ్ ఆయన్ని క్లాసుకు పిలుచుకుపోయి, చివరి బెంచీలో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. గంట కొట్టాక ఆయన లేచి, "రేపు గూడా వచ్చి కూచుంటానమ్మా" అన్నాడట.

"ఆ పొద్దు నాకూ భయమే" అన్నారు మేడమ్. "భయం పోయినాక చెప్దాంలే అనుకొనింటే, ఒక్క పాఠమూ చెప్పకుండానే రిటైరయిపోయేదాన్ని."

నాకు భయం ఇప్పటికీ పోలేదు. కొత్త కథ మొదలుపెట్టిన ప్రతిసారీ వస్తుంది. అది ఉండగానే రాయడం మాత్రం ఆ రోజు నుంచి వచ్చింది.

రిటైరయ్యాక కూడా మేడమ్ వారానికోసారి బడికి పోయి పిల్లలకు కథలు చెప్పేవారు. ఆ మధ్యాహ్నం శుక్రవారం నమాజు తర్వాత జనాజాలో ఆమె చివరి ప్రయాణం ఆ బడి ముందు నుంచే సాగింది. వెంట పోని ఆడవాళ్లం బడి ఎదురుగా ఉన్న మిద్దె మీది నుంచి చూస్తున్నాం. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు మీసాలు నెరిసిన హిందువులూ ముస్లింలూ భుజాలు మార్చుకుంటూ మోస్తున్నారు. బడిపిల్లలు గోడ వెంట నిలబడ్డారు. ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. జనాజా గేటు దాటుతుండగా ఒక చిన్న పిల్ల, టీచరు క్లాసు నుంచి పోతున్నప్పుడు అన్నట్టే, "నమస్తే మేడమ్" అంది. మిగతా పిల్లలంతా గొంతు కలిపారు. మోసేవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎండలోకి నడిచారు.