ఎనిమిదో ప్రశ్న

నిన్న మధ్యాహ్నం కాలేజీలో పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. దిద్దడమంటే పెద్ద మాటే. "పరికల్పన అనగానేమి" అన్న ప్రశ్నకు తరగతి తరగతంతా ఒకే గైడులోంచి ఒకే జవాబును, అందులోని అచ్చుతప్పుతో సహా దించేస్తే, ఇక నేను దిద్దేదేముంది? ఎర్ర పెన్నుకు పని, నడుముకు నొప్పి. పదిహేనో పేపరు దగ్గరే ప్రాణం ఉసూరుమంది. టీ కూడా చల్లారిపోయింది. అప్పుడే ఫోనులో మా ఫైనలియర్ అమ్మాయి ఒకతె ప్రాజెక్టు కోసం తయారుచేసిన ఫారం లింకు పంపింది. కింద "మేడం, జర నింపి చూడుండ్రి, ఎట్లుందో చెప్పుండ్రి" అని రాసింది. సరేలెమ్మని తెరిచాను. పేరు, వయసు, ఊరు అయ్యాయి. నాలుగోది తండ్రి వృత్తి. బాణం గుర్తు నొక్కితే ఒక జాబితా జారిపడింది: ఉపాధ్యాయుడు, రైతు, వ్యాపారి, ఉద్యోగి, ఇతరములు. నా వేలు నేరుగా మొదటి మాట మీదికి పోయి ఆగింది. మా బాపు ఉపాధ్యాయుడు కాదు. ఒకప్పుడు అవునని చెప్పాను. పాతికేళ్లు కావస్తున్నా వేలికి ఆ అలవాటు పోలేదన్నమాట.

నేను ఎమ్మే సోషియాలజీలో చేరింది మహా ఇష్టపడి కాదు. తెలుగులో సీటు రాలేదు, ఇందులో మిగిలి ఉంది, అంతే. కరీంనగర్‌లో యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటర్, రెండు పాత గదులు, తిరిగినా తిరగనట్టే ఉండే ఒక ఫ్యాను. పరిశోధన పద్ధతులు చెప్పే సారును మేమంతా మెథడ్ సారనేవాళ్లం. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. సన్నగా, అలసిపోయినట్టుగా ఉండేవాడు, కళ్లు మూసుకుని పాఠం చెప్పేవాడు. నిద్రపోతున్నాడనుకుని వెనక బెంచీవాళ్లు జారుకోబోతే కళ్లు తెరవకుండానే పేరు పెట్టి పిలిచేవాడు. మొదటి నెలంతా పుస్తకం ముట్టలేదు. బస్టాండుకు పోయి గంటసేపు కూర్చుని చూసింది రాసుకు రమ్మన్నాడు. నేను కష్టపడి "ఒక పేదరాలు దిగులుగా కూర్చున్నది" అని మొదలుపెట్టాను. సారు చదివి, "పేదరాలని ఎవలు చెప్పిండ్రమ్మా? దిగులని ఎవలు చెప్పిండ్రు? నువ్వు చూసిందేంది?" అన్నాడు. నేను చూసింది ఒకామె సంచి మీద కూర్చుని గదుమ కింద చెయ్యి పెట్టుకోవడం. "గదే రాయి. బస్సు లేటయిందేమో, నీకేమెరుక?" అన్నాడు. ఆ తర్వాత వారం పది రోజులు ఎవరినైనా చూసి జాలిపడాలన్నా నాకు భయమేసేది.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పట్టుబడింది ఒకటుంది. ప్రశ్నావళిలో ప్రతి ప్రశ్నకూ పక్కన ఒక గడి ఉంటుంది. అడిగినా జవాబు రాకపోతే అందులో తొంభై తొమ్మిది వేయాలి. ఖాళీగా మాత్రం వదలకూడదు. "తొంభై తొమ్మిది అంటే నువ్వు అడిగినవు, వాళ్లు చెప్పలే. ఖాళీ అంటే నువ్వు అడగనే లే. మొదటిది వాళ్ల ఇష్టం. రెండోది నీ తప్పు." ఇది చెప్పేటప్పుడు మాత్రం సారు కళ్లు తెరిచేవాడు. ఇప్పటికీ నా క్లాసులో ఈ మాట ఇలాగే చెబుతాను. పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో రాయరు.

ఇక బాపు సంగతి. మాది కరీంనగర్‌కు గంట దూరంలో నేతపని వాళ్ల ఊరు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. బాపు ఒక సేటు షెడ్డులో సాంచెలు నడిపేవాడు. ఆ షెడ్డు పక్క నుంచి నడిచి పోయినా ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమంటాయి. అందులో రోజుకు పన్నెండు గంటలు, ఇరవై ఏళ్లు. నేను హైస్కూలుకు వచ్చేసరికే ఆయన చెవులు పోయాయి. సాంచెల మీద పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు, ఆ మోతలో వినపడదు గనుక ఒకరి పెదవులొకరు చూసి మాట్లాడుకుంటారు. మా ఇంట్లోనూ అంతే. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గరి నుంచి చప్పుడు లేకుండా పెదవులు కదిపి "ఉప్పు అయిపోయింది" అంటే వాకిట్లో ఉన్న బాపు సంచి తీసుకునేవాడు. నేనూ నా ముచ్చట్లన్నీ ఆయనకు అలాగే చెప్పేదాన్ని. ఆయన మాత్రం తన గొంతు తనకు వినపడక ప్రతి మాటా అరిచినట్టే అనేవాడు. బిడ్డను ముద్దుగా పిలిచినా వాడకట్టంతా ఉలిక్కిపడి చూసేది.

అటువంటి మనిషి ఒక ఆదివారం నన్ను చూడడానికి హాస్టలుకు వచ్చాడు. తువ్వాలలో మూటగట్టిన సర్వపిండి పట్టుకుని, చొక్కా మీద దూది నలుసులతో, గేటు దగ్గర నిలబడి నా పేరు పెట్టి ఒక్క కేక వేశాడు. రెండంతస్తుల కిటికీలూ తెరుచుకున్నాయి, అమ్మాయిలు పకపకా నవ్వారు. నేను పరుగెత్తుకుని కిందికి వెళ్లాను. నా వెనకాలే నా రూమ్మేటు వచ్చింది. మా క్లాసే, లాయరు గారి బిడ్డ, మంచి పిల్లే. "ఎవరే?" అంది. నేను గొంతు తగ్గించి, "మా ఊరాయన. మా బాపు బళ్లె సారు కదా, సెలవు దొరకలే, గీయనతోని పంపిండు" అన్నాను.

గొంతు తగ్గించాను! నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి. పెదవులు చూసి మాట వినే మనిషికి ఎదురుగా నిలబడి, గొంతు తగ్గిస్తే వినపడదనుకున్నాను. బాపు నా మొహంలోకే చూస్తున్నాడు. తర్వాత మూట నా చేతిలో పెట్టి, ఎప్పటిలా గట్టిగా, "మీ బాపు పంపిండమ్మా. మంచిగ తినుమన్నడు" అని, వెనక్కి తిరిగి బస్టాండు వైపు పోయాడు. నాకు తలకాయ తీసేసినట్టయింది. అయినా ఆయన వెనక పోలేదు. రూమ్మేటుతో కలిసి సర్వపిండి తిన్నాను. బాపు మళ్లీ ఎప్పుడు వచ్చినా లోపలికి కబురు పంపలేదు, మూట వాచ్‌మన్‌కిచ్చి వెళ్లిపోయేవాడు.

ఆ చలికాలంలోనే మమ్మల్ని ఫీల్డ్ వర్కుకు ఆదిలాబాద్ వైపు తీసుకుపోయారు. మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకోటి, ఆ తర్వాత నడక. ఊరి బడిలో బస. ఇద్దరిద్దరిగా ఇళ్లకు పోయి నలభై ప్రశ్నలు అడిగి రావాలి. రెండో రోజుకే కాళ్లు పీక్కుపోయాయి. అడిగిందే అడిగీ అడిగీ నా పేరు నన్నెవరైనా అడిగినా "తెలియదు, వర్తించదు" అనేలా ఉన్నాను. మూడో రోజు నాకూ రూమ్మేటుకూ ఒక ముసలామె ఇల్లు వచ్చింది. ఊరంతా ఆమెను ఆజీ అనేవాళ్లు. మరాఠీలో నానమ్మ అని. మాట సగం తెలుగు, సగం అటుది. మా కాగితాలు చూసి ఆమె ఒక షరతు పెట్టింది.

"నువ్వొకటి అడుగు, నేను చెప్త. మల్ల గదే నేను నిన్ను అడుగుత, నువ్వు చెప్పాలె. గట్లయితెనే కూసో."

కూర్చున్నాం. ఆట బాగానే సాగింది. ఇంట్లో ఎందరంటే తనూ మనుమరాలూ అంది. కొడుకు ఏడీ అంటే "పెండ్లాంతోని కొట్లాడి పోయిండు, యాడున్నడో ఎరుక లే" అంది. ఎన్ని పూటలు తింటారంటే "రెండు. ఎండకాలం ఒకటే" అంది. ఏదీ దాచలేదు. నా వంతు రాగానే నేనూ చెప్పాను, మా ఇంట్లో నలుగురం, మూడు పూటలు అని. ఎనిమిదో ప్రశ్న, కుటుంబ పెద్ద వృత్తి. "మా ఆయన ఉన్నన్నాళ్లు పటేలు కాడ జీతమున్నడు, ఎడ్లు కాసిండు. ఇప్పుడు పెద్దను నేనే, పత్తేరుత" అని, "మరి మీ బాపు?" అంది. పక్కనే రూమ్మేటు పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను "బళ్లె సారు" అన్నాను.

ఆజీ లేచి కొంగు సవరించుకుంది. "అయ్యో, సారు బిడ్డవా" అని మమ్మల్ని గోనెపట్టా మీది నుంచి లేపి నులకమంచం మీద కూర్చోబెట్టింది. తర్వాతి ప్రశ్నలన్నీ చకచకా అయిపోయాయి. మనుమరాలు బడికి పోతుందా? రోజూ పోతది. జబ్బు చేస్తే? పెద్ద దవాఖానకు పోతం. కొరతలేమైనా? ఏం లేవు, అంత మంచిగనే ఉంది. ఆమె నన్ను తిరిగి అడగడం కూడా మానేసింది. నాకు హాయిగా అనిపించింది, పని తొందరగా తెమిలిందని.

ఆ సాయంత్రం సారు బడి అరుగు మీద కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. ఆజీ కాగితం రెండుసార్లు చదివి నన్ను పిలిచాడు. "ఎనిమిది దాక ఒక ముసలవ్వ మాట్లాడింది. తొమ్మిది నుంచి ఇంకో ముసలవ్వ మాట్లాడింది. నడుమ ఏమైందమ్మా?" అన్నాడు. ఏదో అల్లబోయాను గానీ ఆయన కళ్లు మూసుకుని ఓపికగా కూర్చున్నాడు. ఆ ఓపిక ముందు అబద్ధం నిలవలేదు. ఎనిమిదో ప్రశ్న నుంచి మొదలుపెట్టి హాస్టలు గేటు దాకా అన్నీ చెప్పి ఏడ్చాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"అడిగేటోళ్లు గుడ మనుషులే. అబద్ధమాడుతరు. కని నీ అబద్ధం నీ కాడ ఆగలే, ఆమె నోట్లెకు పోయింది. రేపు పోయి మల్ల అడుగు. లేకుంటె గీ కాగితం చింపేస్త. ఆమె మన లెక్కల లేనట్టే."

పొద్దున్నే ఒక్కదాన్నే పోయాను. ఇంటికి తాళం. పత్తి చేనులో ఉందన్నారు. చేనంతా తెల్లగా విచ్చుకుని ఉంది. ఆజీ ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది, పక్క సాలులో మనుమరాలు. రోజూ బడికి పోతుందన్న మనుమరాలే. నన్ను చూసి ఆ పిల్ల మొక్కల చాటుకు పోయింది. నేనూ పత్తి ఏరడం మొదలుపెట్టాను, ఊరికే నిలబడి చెప్పడానికి మొహం చెల్లక. కాయ కొసలు గీసుకుని నాలుగు కాయలకే వేళ్లు మండాయి. "ఆజీ, మా బాపు సారు కాదు. సాంచెల మీద పనిచేస్తడు. చెవులు వినపడవు. నేను సిగ్గుపడి అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. ఏరుతూనే అంది. "గీ ముచ్చటకు గింత దూరం వచ్చినవా? నాకెందుకు చెప్తవ్ బిడ్డా, నాకేం నష్టం? గాయనను అడిగినవా, మనసుల ఎట్లయిందని?"

లేదన్నాను.

"అడుగు మరి. నన్ను నలభై అడుగుతివి, గాయనను ఒక్కటి అడగరాదా?" అంది. తర్వాత మనుమరాలి వైపు చూసి, "రాసుకో. అది బడికి పోదు. సారు బిడ్డ ముంగట చెప్పబుద్ధి కాలే" అంది. తొమ్మిది నుంచి నలభై దాకా చేను గట్టు మీద కూర్చుని మళ్లీ రాసుకున్నాను. అంత బరువైన కాగితం నేను మళ్లీ ఎప్పుడూ నింపలేదు.

రూమ్మేటుకు కూడా తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పేశాను. అది కిటికీలోంచి చూస్తూనే, "నాకు ఆనాడే తెలుసే. గాయన ముక్కు, నీ ముక్కు ఒక్కటే" అంది. అందరికీ తెలుసు. బాపుకు తెలుసు. దాచింది ఎవరి దగ్గర, ఏం దాచాను?

మరి బాపును అడిగానా? అడగాలనే పోయాను ఆ వారం ఇంటికి. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు చాపుకుని గోడకానుకుని, అన్నం తినే ఓపిక కూడా లేక కళ్లు మూసుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుంటే ఆయనకు ఏ మాటా చేరదు. లేచాక అడుగుదాం అనుకున్నాను. లేచాక తినేదాకా ఆగుదాం అనుకున్నాను. తర్వాత పండుగకు, ఉద్యోగం వచ్చాక, ఆ తర్వాత పెళ్లయ్యాక. లెక్చరరు నౌకరి వచ్చిన రోజు ఆయన వాకిట్లో నిలబడి "నా బిడ్డ సారయింది" అని అరిస్తే వాడకట్టంతా విన్నది. అప్పుడూ అడగలేదు. నాలుగేళ్ల కింద పోయాడు.

నిన్న ఆ ఫారంలో 'ఇతరములు' నొక్కి, సాంచెల కార్మికుడు అని రాశాను. ఫారం బాగుందనీ, జాబితాలో మన ఊళ్ల పనులు కూడా చేర్చమనీ ఆ అమ్మాయికి జవాబిచ్చాను. మిగిలిన పేపర్లు కట్టగట్టి ఇంటికొచ్చాను. దారంతా ఆ చేనే గుర్తొచ్చింది. బాపు పోయాక చాలాకాలం, ఆయనకు వినపడేది కాదు కదా, ఎట్లా అడుగుతానని మనసులో ఆ గడిలో తొంభై తొమ్మిది వేసుకుని నన్ను నేను ఊరడించుకున్నాను. అదీ దొంగలెక్కే. వినపడకపోతేనేం, పెదవులు కదిపితే చాలేది. కాలం ఇరవై ఏళ్లు నా చేతికిచ్చి చూసింది, నేను అడగలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.